డిక్కీలో మరిచిపోయిన జంప్ స్టార్టర్

కారు బ్యాటరీ దిగిపోయినప్పుడు దానికి క్లాంపులు పట్టించి ఇంజిన్ స్టార్ట్ చేసే చిన్న పెట్టెని జంప్ స్టార్టర్ అంటారు. నా దగ్గరికి రిపేరుకు వచ్చే జంప్ స్టార్టర్లలో చాలావరకు బండ్లు స్టార్ట్ చేసి చేసి అరిగిపోయినవి కావు. కొన్నరోజు ఒకసారి ఛార్జింగ్ పెట్టి, డిక్కీలో స్టెప్నీ పక్కన తోసేసి, ఆ తర్వాత వాటి మొహం చూడని వాళ్లవే. తీరా అవసరం పడ్డ రోజున బయటికి తీసి బటన్ నొక్కితే దానికున్న చిన్న లైటు కూడా వెలగదు. జాకీ, వీల్ స్పానర్ పదేళ్లు డిక్కీలో పడున్నా పనిచేస్తాయి. వాటి పక్కనే ఉంటుంది కాబట్టి దీన్నీ అదే జాబితాలో వేసుకుంటాం. కానీ ఎన్ని లైట్లు, క్లాంపులు తగిలించినా లోపల ఉన్నది బ్యాటరీ. వాడినా వాడకపోయినా దాని వయసు దానికి పెరుగుతూనే ఉంటుంది.

నేను మెకానిక్‌ని కాను. ఉద్యోగం అకౌంట్స్‌లో. సాయంత్రాలు ఏదో ఒకటి విప్పి చూడటం అలవాటు. ఈ సంగతి చుట్టాలకీ, ఆఫీసులో వాళ్లకీ తెలిసిపోయాక పాడైన వస్తువులు వాటంతటవే నా బల్ల మీదికి చేరుతున్నాయి. అలా వచ్చిన జంప్ స్టార్టర్లు విప్పి చూస్తే తెలిసిన విషయాలు ఇవి.

ముందు మీ దగ్గరున్నది ఏ రకమో తేల్చుకోవాలి. చేత్తో ఎత్తగానే భుజం లాగేస్తే, అంటే ఏడెనిమిది కిలోలుంటే, లోపల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉన్నట్టు. పుస్తకమంత సైజులో తేలిగ్గా ఉంటే లిథియం. రెండింటి జబ్బులూ వేరు, వైద్యమూ వేరు. ఒకదానికి పనికొచ్చే సలహా రెండోదానికి విషం. లెడ్ యాసిడ్‌ని ఎప్పుడూ నిండుగా ఉంచాలి. లిథియంని నిండుగా నింపి ఎండలో పెడితే అదే దాని చావుకొస్తుంది.

లెడ్ యాసిడ్ సంగతి మా బావగారి పెట్టెతో చెప్తాను. మా అక్కా బావా వచ్చినప్పుడు ఆయన దాన్ని తెచ్చి బల్ల మీద దబ్బున పెట్టి, "ఏమ్మా, నీ స్క్రూడ్రైవర్లకు పని తెచ్చాను" అన్నారు.

"చివరిసారి ఛార్జింగ్ ఎప్పుడు పెట్టారు బావగారూ?"

"కొన్నప్పుడు పెట్టాగా!"

విప్పకముందే రోగం సగం తెలిసిపోయింది. ఈ పెట్టెల స్క్రూలు ఎక్కువగా అడుగున రబ్బరు బుడిపెల కిందో, వెనక స్టిక్కరు కిందో దాక్కుంటాయి. విప్పేముందు చేతికున్న ఉంగరం, వాచీ, లోహపు గాజులు తీసి పక్కన పెట్టండి. ఇది ఊరికే అనడం లేదు. బాగున్న 18 ఆంపియర్ అవర్ (ఎంత కరెంటు ఎన్ని గంటలు ఇవ్వగలదో చెప్పే లెక్క) బ్యాటరీ రెండు టెర్మినళ్ల మీద స్పానర్ అడ్డం పడితే అది అక్కడే అతుక్కుపోయేంత కరెంటు వస్తుంది. ఆ స్థానంలో ఉంగరం ఉంటే వేలు కాలిపోతుంది. నేను స్పానర్ పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టి, ముందు నెగెటివ్ తీగ విప్పి, దాని కొసకు గుడ్డ చుట్టి, ఆ తర్వాతే పాజిటివ్ జోలికి వెళ్తాను.

లోపల పెద్ద విశేషమేమీ ఉండదు. నల్లటి సీల్డ్ బ్యాటరీ, దాన్నుంచి క్లాంపులకు వెళ్లే లావాటి తీగలు, మధ్యలో తిప్పే స్విచ్, చిన్న బోర్డు మీద వోల్టేజీ చూపే ఎల్ఈడీలు, సాకెట్‌కి ఒక ఫ్యూజు, గాలి కొట్టే కంప్రెసర్ ఉంటే దాని మోటారు. బావగారి బ్యాటరీ మీద మల్టీమీటర్ పెడితే 7.4 వోల్టులు చూపించింది. నిండుగా ఛార్జ్ అయిన ఏజీఎం బ్యాటరీ (ఇలాంటి సీల్డ్ లెడ్ యాసిడ్ రకం) కాసేపు కదపకుండా ఉంచాక 12.8కి కాస్త పైన ఉండాలి. 12.2కి వచ్చిందంటే సగానికి దిగినట్టు. 12కి కిందికి వస్తే ఇంచుమించు ఖాళీ. 7.4 అంటే ఎన్నో నెలలుగా ఖాళీగా పడుందన్నమాట.

ఇలాంటప్పుడు లోపల జరిగేది ఇది. బ్యాటరీ ఖాళీ అవుతున్నప్పుడు రెండు రకాల ప్లేట్ల మీదా లెడ్ సల్ఫేట్ సన్నటి పొరలా ఏర్పడుతుంది. వెంటనే ఛార్జింగ్ పెడితే ఆ పొర మళ్లీ కరిగి మొదటికొస్తుంది. వారాల తరబడి అలాగే వదిలేస్తే సన్నటి రేణువులు పెద్ద స్ఫటికాలై గట్టిపడతాయి. ఆ తర్వాత ఎంత ఛార్జింగ్ పెట్టినా అవి కరగవు, ప్లేటులో అంత భాగం పనికిరాకుండా పోతుంది. బ్యాటరీ ఎవరూ వాడకపోయినా తనంతట తానే నెలకు కొంత చొప్పున దిగుతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆ దిగడం ఇంచుమించు రెట్టింపవుతుంది. ఎండలో నిలబెట్టిన కారు డిక్కీలో ఈ లెక్క ఎటు పోతుందో మీరే వేసుకోండి.

ఆటోమేటిక్ ఛార్జర్లు ఇంత దిగిపోయిన బ్యాటరీని అసలు గుర్తించవు. తగిలించగానే ఎర్ర లైటు వేసి ఊరుకుంటాయి. నా దగ్గర వోల్టేజీ, కరెంటు రెండూ సెట్ చేసుకోగలిగే బెంచ్ పవర్ సప్లై ఉంది. దాన్ని 14.4 వోల్టులకు, 1 ఆంపియర్‌కి మించకుండా పెట్టి వదిలాను. మొదట వోల్టేజీ ఠక్కున పైకి పోయింది, కరెంటు మాత్రం 30 మిల్లీ ఆంపియర్లు కూడా దాటలేదు. సల్ఫేట్ పట్టిన బ్యాటరీ లక్షణం ఇదే, కరెంటు తీసుకోనంటుంది. మర్నాటికి మెల్లగా 400 మిల్లీ ఆంపియర్లకు వచ్చింది. ఆశ పుట్టింది. నిండాక ఒక రోజు పక్కన పెట్టి కొలిస్తే 12.6. బావగారికి చెప్తే "అదిగో, బాగుంది కదా" అన్నారు.

బాగుందో లేదో వోల్టేజీ ఒక్కటే చెప్పదు. పాత హెడ్‌లైట్ బల్బు ఒకటి నా దగ్గర ఎప్పుడూ ఉంటుంది. 55 వాట్ల హాలోజన్ బల్బు నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది. ఆరోగ్యంగా ఉన్న 18 ఆంపియర్ అవర్ బ్యాటరీ దాన్ని మూడు గంటల దాకా మోయాలి. ఇది అరగంట తిరక్కుండా 11.5కి పడిపోయింది. అంటే మిగిలిన ఓపిక రెండు ఆంపియర్ అవర్లు. అక్కడితో బల్బు తీసేశాను, ఇంకా కిందికి దింపితే ఉన్నదీ పోతుంది. అసలు నష్టం ఇంతకన్నా పెద్దది. మంచి బ్యాటరీకి లోపలి నిరోధం 10, 15 మిల్లీ ఓమ్‌లు ఉంటుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు 150 ఆంపియర్లు పోతే లోపలే రెండు వోల్టులు కరిగిపోతాయి, ఫర్వాలేదు. సల్ఫేట్ పట్టి ఆ నిరోధం 60కి చేరితే అదే కరెంటుకి 9 వోల్టులు లోపలే పోవాలి. ఇక కారుకి మిగిలేదేముంది? లైటు వెలుగుతుంది, ఫోన్ ఛార్జ్ అవుతుంది, ఇంజిన్ మాత్రం కదలదు. "అన్నీ పనిచేస్తున్నాయి, కారు మాత్రం స్టార్ట్ అవ్వట్లేదు" అని జనం చెప్పేది ఈ స్థితినే.

ఇంకో గుర్తు కూడా చెప్పాలి. నిండా ఛార్జ్ చేసినా 10.5 దగ్గరే ఆగిపోయి అంతకన్నా కదలకపోతే ఒక సెల్ షార్ట్ అయినట్టు. 12 వోల్టుల బ్యాటరీలో ఆరు సెల్లుంటాయి, ఒక్కోటి 2.1 వోల్టులు. ఒకటి పోతే మిగిలేది అంతే. దానికి మందు లేదు. సీల్డ్ బ్యాటరీ పైమూత లేపి, రబ్బరు టోపీలు తీసి, డిస్టిల్డ్ వాటర్ చుక్కలు వేస్తే బతుకుతుందని చెప్పేవాళ్లున్నారు. ఎండిపోయిన బ్యాటరీ కొంత లేస్తుంది, నిజమే. కానీ ఎప్పుడో ఒకసారి, అదీ కచ్చితంగా పనిచేయాల్సిన వస్తువులో కొంత లేచిన బ్యాటరీ నాకు నచ్చదు.

కాబట్టి కొత్తది వేశాం. ఇందులో సుఖం ఏంటంటే ఈ బ్యాటరీల సైజులు ఎక్కడైనా ఒకటే. 18 ఆంపియర్ అవర్‌ది 181 మి.మీ. పొడవు, 77 వెడల్పు, 167 ఎత్తు. కొనేముందు చూడాల్సినవి రెండు. టెర్మినల్స్ బోల్టు బిగించే రకమేనా, పాజిటివ్ ఏ వైపుంది. పాత తీగ అటువైపు అందకపోతే తలనొప్పి. రెండోది డేటాషీట్‌లో గరిష్ఠ డిశ్చార్జ్ కరెంటు. అలారాలకూ, ఎమర్జెన్సీ లైట్లకూ వాడే బ్యాటరీలు నిదానంగా ఇవ్వడానికి చేసినవి, ఒకేసారి లాగితే చేతులెత్తేస్తాయి. 5 సెకన్లపాటు 200 ఆంపియర్లకు పైగా ఇవ్వగలదని రాసి ఉంటే తీసుకోవచ్చు. బిగించేటప్పుడు స్ప్రింగ్ వాషర్ మరిచిపోవద్దు. కారు కుదుపులకు నట్టు వదులైతే ఆ ఒక్క చోటే అంతా కాలిపోతుంది.

పాత బ్యాటరీతోపాటు దాని ఛార్జర్‌నీ పక్కన పెట్టించాను. ఇలాంటి పెట్టెలతో వచ్చే గోడ అడాప్టర్లలో చాలావాటికి తనంతట తాను ఆగే తెలివి ఉండదు. పైన 12 వోల్టులు అని రాసున్నా ఖాళీగా కొలిస్తే 15, 16 దాకా చూపిస్తాయి. రాత్రి పెట్టి పొద్దున తీసేస్తే సరే. "ఎప్పుడూ నిండుగా ఉండాలి" అని విని వారాల తరబడి ప్లగ్గులోనే వదిలేసేవాళ్లూ ఉన్నారు. లోపలి తేమంతా గ్యాసై వాల్వు గుండా పోయి, బ్యాటరీ ఎండి, పక్కలు ఉబ్బిపోతాయి. నిండగానే 13.5, 13.8 మధ్యకు తగ్గే ఆటోమేటిక్ ఛార్జర్ ఒకటి కొనుక్కుంటే ఈ టెన్షన్ ఉండదు. వోల్టేజీ కొలిచేటప్పుడు ఛార్జింగ్ జాక్ దగ్గర కాకుండా బ్యాటరీ టెర్మినల్స్ మీదే కొలవండి. జాక్ వెనక డయోడ్ (కరెంటుని ఒకవైపే పోనిచ్చే భాగం) ఉంటే దానిలోనే 0.7 వోల్టుల దాకా పోతుంది.

ఇక క్లాంపులు. వీటిని ఎవరూ పట్టించుకోరు కానీ నాకు వీటి మీదే ఎక్కువ అనుమానం. దవడల మధ్య ఒకసారి టార్చి వేసి చూడండి. పైకి రాగిలా మెరుస్తున్నది చాలాసార్లు ఇనుము మీద వేసిన పలచటి పూత. గీరుకుపోయిన చోట తుప్పు, ఆకుపచ్చటి చిలుము. లావాటి తీగ రెండు దవడల్లో ఒక్కదానికే బిగించి ఉంటుంది. రెండో దవడకు కరెంటు వెళ్లాలంటే అల్లిన రాగి పట్టీ ఉండాలి, లేకపోతే మధ్యలో ఉన్న మేకు, స్ప్రింగు గుండానే వెళ్లాలి. అది ఒక దారా? కారు టెర్మినల్‌ని తీగ లేని దవడతో పట్టుకున్నామనుకోండి, 200 ఆంపియర్లు ఆ స్ప్రింగులోంచే పోవాలి. ఆ దారిలో 5 మిల్లీ ఓమ్‌ల అడ్డంకి ఉన్నా ఒక వోల్టు అక్కడే పోతుంది, 200 వాట్లు వేడిగా మారుతుంది. అందుకే తీగ ఉన్న దవడ సీసపు స్తంభానికి గట్టిగా ఆనేలా పట్టిస్తాను. పట్టీ లేని క్లాంపులకు లావాటి రాగి అల్లిక కొని సోల్డర్ చేస్తాను. దీనికి చిన్న సోల్డరింగ్ ఐరన్ చాలదు. లావు తీగ వేడినంతా పీల్చేసుకుని సీసం పైపైనే ముద్దలా అంటుకుంటుంది, లాగితే ఊడొస్తుంది. 100 వాట్లకు పైన ఉన్నది, బాగా ఫ్లక్స్ (సీసం పట్టేలా చేసే పేస్టు) పూసి వాడాలి.

కారు వైపు సంగతీ చూడాలి. టెర్మినల్స్ మీద తెల్లగానో, నీలంగానో పొడి పేరుకుని ఉంటే దాని మీద ఎంత మంచి క్లాంప్ పెట్టినా కరెంటు పోదు. వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, ఆరాక వైరు బ్రష్‌తో మెరిసేదాకా రుద్దాలి. క్లాంపు దవడలకు ఉప్పుకాగితం చాలు. అనుమానం తీరకపోతే ఒకరిని సెల్ఫ్ కొట్టమని చెప్పి, మల్టీమీటర్ ఒక ముల్లు టెర్మినల్ మీద, రెండోది దవడ మీద పెట్టండి. అక్కడ 0.2 వోల్టులకన్నా ఎక్కువ చూపిస్తే ఆ అతుకు బాగోలేదు.

గాలి కొట్టే కంప్రెసర్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పది నిమిషాలకు మించి ఏకబిగిన నడపకండి, గొట్టం మడతలు పడేలా చుట్టకండి.

లిథియం రకం నిజంగా అద్భుతమైన వస్తువు, దాని మీద రాసే అంకెలు మాత్రం అంత అద్భుతంగా నమ్మదగ్గవి కావు. 12000 మిల్లీ ఆంపియర్ అవర్ అని ఉంటుంది. లోపల 4000వి మూడు సెల్లు వరసగా కలిపి ఉంటాయి. మూడింటినీ కూడి చెప్తారు. వరసగా కలిపినప్పుడు వోల్టేజీ కూడుతుంది కానీ ఆంపియర్ అవర్లు కూడవు. కాబట్టి 12 వోల్టుల వైపునుంచి చూస్తే అది 4000దే. శక్తి లెక్కలో 44 వాట్ అవర్లు, అది మాత్రం నిజం. పీక్ ఆంపియర్లు 1000, 2000 అని వేసేదానికి అందరూ ఒప్పుకున్న కొలత పద్ధతి ఏదీ లేదు. కారు బ్యాటరీ మీద రాసే కోల్డ్ క్రాంకింగ్ (చలిలో ఇంజిన్‌ని తిప్పే సత్తా) అంకెకైతే పద్ధతి ఉంది. సున్నాకి 18 డిగ్రీల దిగువన 30 సెకన్లపాటు 7.2 వోల్టులకు తగ్గకుండా ఇవ్వాలి. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి పోల్చకండి.

మూడు సెల్ల ప్యాక్ నిండితే 12.6 వోల్టులు. 9 అంటే ఖాళీ. 7.5కి, అంటే సెల్లుకి 2.5కి కిందికి పోయిందంటే నేను ఛార్జింగ్ పెట్టను. లెడ్ యాసిడ్‌ని 7.4 నుంచి లేపడానికి ప్రయత్నించినదాన్ని ఇక్కడ మాత్రం ఎందుకు వెనక్కి తగ్గుతున్నానంటే, లిథియం సెల్ మరీ దిగిపోతే లోపలి రాగి రేకు కరిగి ద్రవంలో కలుస్తుంది. మళ్లీ ఛార్జ్ చేసినప్పుడు ఆ రాగి ఎక్కడ పడితే అక్కడ పేరుకుని లోపలే షార్ట్ అవ్వచ్చు. పైకి బాగానే ఛార్జ్ అయినట్టు కనిపిస్తుంది, మంట ఎప్పుడు లేస్తుందో తెలియదు. యూట్యూబ్‌లో చూసి తొమ్మిది వోల్టుల బ్యాటరీతో "లేపిన" ప్యాక్ ఒకటి నా దగ్గరికొచ్చింది. దాన్ని ఇంట్లోకి కూడా తేనివ్వలేదు.

ఆఫీసులో ఒక కుర్రాడు తెచ్చినది ఇందుకు పూర్తిగా ఎదురు. "అక్కా, ఛార్జింగ్ ఎక్కట్లేదు, ప్యాక్ పోయినట్టుంది" అన్నాడు. ఈసీ5 సాకెట్‌లో, అంటే నీలం రంగు లావు కనెక్టర్‌లో, మల్టీమీటర్ పెడితే 10.9. ప్యాక్ బతికే ఉంది. అన్నట్టు చాలా మోడళ్లలో ఈ సాకెట్ ఏ రక్షణా లేకుండా నేరుగా సెల్లకే వెళ్తుంది. మల్టీమీటర్ ముళ్లు లోపల ఒకదానికొకటి తగిలితే పెద్ద మెరుపు చూస్తారు. విప్పే ముందు కేబుల్ మార్చి చూశాను. ఇది చాలామందికి తెలియదు. కొన్ని చవకరకం పరికరాల్లో యూఎస్‌బీ-సీ సాకెట్ ఉంటుంది కానీ దాని వెనక పెట్టాల్సిన రెండు చిన్న రెసిస్టర్లు ఉండవు. రెండు వైపులా సీ ఉన్న కేబుల్‌తో కొత్త ఛార్జర్‌కి తగిలిస్తే, అవతల ఏముందో ఛార్జర్‌కి తెలియక వోల్టేజీ ఇవ్వదు. పాత వెడల్పు పిన్ను కేబుల్‌తో పెడితే హాయిగా ఎక్కుతుంది. ఇంకో సంగతి, 5 వోల్టులు 1 ఆంపియర్ ఇచ్చే పాత ఫోన్ ఛార్జర్‌తో 44 వాట్ అవర్లు నిండటానికి తొమ్మిది, పది గంటలు పడుతుంది. గంట చూసి ఎక్కట్లేదనేస్తారు.

ఇతనిదాంట్లో కేబుల్ తప్పు లేదు. విప్పి భూతద్దం పెడితే సాకెట్‌ని బోర్డుకి పట్టుకునే కాళ్లలో రెండింటి చుట్టూ వెంట్రుకంత పగులు. కేబుల్ తగిలించే ఉంచి పెట్టెని సంచిలో తోసినప్పుడు వచ్చే దెబ్బ అది. ముందు సెల్ల కనెక్టర్ ఊడదీసి, సెల్లకు వెళ్లే రేకుల మీద వేడికి తట్టుకునే టేపు అతికించి, కాళ్లకు కొత్త సీసం పెట్టాను. పర్సంత మెత్తటి సెల్లు పక్కనే ఉన్నాయి. సోల్డరింగ్ ఐరన్ మొన ఒక్కసారి జారితే చాలు, రేకు చిల్లుపడుతుంది. అందుకని బోర్డుకీ ప్యాక్‌కీ మధ్య చెక్క ముక్క అడ్డం పెట్టుకున్నాను. మళ్లీ కలిపితే లైట్లు వరసగా మెరవడం మొదలెట్టాయి. ఎలాగూ విప్పాం కదా అని సన్నటి నాలుగు తీగల కనెక్టర్‌లో ఒక్కో సెల్ కొలిచాను. మూడూ దగ్గరదగ్గరగానే ఉన్నాయి. రెండు 3.9, ఒకటి 3.1 అని చూపించే ప్యాక్‌లూ వస్తాయి. ఆ వెనకబడ్డ సెల్‌ని విడిగా 4.2కి మించకుండా చిన్న కరెంటుతో పైకి తేవచ్చు. వారం తిరిగేసరికి అదే మళ్లీ దిగితే దాంతో కుస్తీ పట్టను, ప్యాక్ మొత్తం తీసేయిస్తాను. ఉబ్బిన ప్యాక్ అయితే కొలవడం కూడా దండగ. వేలితో నొక్కి చూడటం, పిన్నుతో గాలి తీయడం లాంటివి అస్సలు చేయకండి. ఉప్పునీళ్లలో నానబెడితే ఛార్జ్ దిగిపోతుందనే మాటా నమ్మకండి. ముందు బయటి రేకులే తుప్పుపట్టి తెగిపోతాయి, ఛార్జ్ లోపలే ఉండిపోతుంది. టెర్మినళ్లకు టేపు అతికించి ఈ-వ్యర్థాలు తీసుకునేచోట ఇచ్చేయడమే.

లిథియం పెట్టెకి తెలివంతా క్లాంపు తీగల మధ్యలో ఉండే చిన్న డబ్బాలో ఉంటుంది. ప్లస్సు మైనస్సు తారుమారైతే ఆపేది, బండి స్టార్ట్ అయ్యాక వెనక్కి వచ్చే కరెంటుని అడ్డుకునేది అదే. దాన్ని పరీక్షించడం తేలిక. క్లాంపులు దేనికీ తగిలించకుండా, పెట్టెకి కలిపి, దవడల మధ్య వోల్టేజీ కొలవండి. సున్నా దగ్గరలో ఉండాలి. ఏమీ తగలకుండానే 12 చూపిస్తుంటే లోపల రిలే (కరెంటుతో కదిలే స్విచ్) కాంటాక్టులు అతుక్కుపోయాయి, లేదా మాస్‌ఫెట్లు (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్లు) షార్ట్ అయ్యాయి. ఇక ఆ తెలివి లేనట్టే. దవడలు ఒకదానికొకటి తగిలితే చేతుల్లోనే నిప్పు. అలాంటి దాన్ని బాగుచేయను, క్లాంపు సెట్టు మొత్తం మార్పిస్తాను. అవి విడిగా దొరుకుతాయి. దీనికి కారణం కూడా తరచూ ఒకటే, సెల్ఫ్ తిరుగుతుండగానే క్లాంపు లాగేయడం. టక్కుమని రిలే శబ్దం వచ్చి దవడల దగ్గర ఏమీ రాకపోతే కాంటాక్టులు కాలినట్టు. శబ్దమే రాకపోతే ఒక్కోసారి తప్పు డబ్బాది కాదు. కారు బ్యాటరీ మరీ సున్నాకి పోతే అక్కడ బ్యాటరీ ఉందని ఇది గుర్తించలేదు. బూస్ట్ బటన్ ఉన్నది అందుకే. దాన్ని నొక్కితే చాలా మోడళ్లలో రక్షణలన్నీ పక్కకి తప్పుకుంటాయి, కాబట్టి ఎరుపు ఎటో నలుపు ఎటో ఇంకోసారి చూసుకుని నొక్కండి.

వాడే పద్ధతి మాన్యువల్లోనే ఉంటుంది. నేను పట్టుబట్టేది రెండింటికే. ఒకటి, ఐదు సెకన్లకు మించి సెల్ఫ్ పట్టుకోవద్దు, అందుకోకపోతే ఒక నిమిషం ఆగండి. రెండు, ఇంజిన్ అందుకోగానే అర నిమిషంలో క్లాంపులు తీసేయండి. అప్పటికి ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిరుగుతుంటే కారు బ్యాటరీని ఛార్జ్ చేసేది) 14 వోల్టులకు పైన ఇస్తుంటుంది, 12.6తో నిండిపోయే ప్యాక్‌కి అది ఎక్కువ. తీశాక ఎలాగూ మల్టీమీటర్ చేతిలోనే ఉంటుంది కాబట్టి కారు బ్యాటరీ మీద పెట్టండి. 13.8, 14.5 మధ్య ఉంటే ఆల్టర్నేటర్ బాగుంది, తప్పు బ్యాటరీదో, ఆర్పడం మరిచిపోయిన లైటుదో. 12.5 దగ్గరే ఉంటే ఇంటికి కాదు, నేరుగా మెకానిక్ దగ్గరికి పోనివ్వండి.

అసలు చిక్కు, దీన్ని ఎక్కడ పెట్టాలన్నది. కారులో లేకపోతే కొని ప్రయోజనం లేదు. కారులో ఉంటే వేడికి పాడవుతుంది. బయట 35 డిగ్రీలున్న ఎండలో అద్దాలు మూసిన కారు లోపల గంటలో 60 దగ్గరకు పోతుంది. నిండుగా ఉన్న లిథియం ప్యాక్‌కి అంతకన్నా చెడ్డ చోటు లేదు. నేను నాదాన్ని ఇంట్లోనే పెట్టి, దూరం వెళ్లేటప్పుడు పట్టుకెళ్తాను. అది కుదరనివాళ్లు డిక్కీలో కింద, ఎండ తగలని మూల పెట్టండి, సీట్ల మీదా డాష్‌బోర్డు మీదా వద్దు. నాలుగు లైట్లలో మూడు వెలిగేలా ఉంచితే చాలు. సగానికి దిగితే మాత్రం చాలా పెట్టెలు ఇంజిన్‌ని లేపలేవు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమైతే వేడిని కాస్త ఎక్కువ ఓర్చుకుంటుంది. దాని వోల్టేజీ చివరిదాకా ఇంచుమించు ఒకేలా ఉంటుంది కాబట్టి లైట్లను మాత్రం పెద్దగా నమ్మలేం.

బ్యాటరీయే లేని రకం కూడా ఉంది, సూపర్ కెపాసిటర్లది. కారు బ్యాటరీలో మిగిలిన కాస్త ఛార్జ్‌నే కొన్ని నిమిషాల్లో లాగి నింపుకుని, ఒక్కసారిగా వదులుతుంది. నెలనెలా చూసుకోనక్కర్లేదు, సల్ఫేట్ గొడవ లేదు. కారు బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే ఇంకోచోట నింపుకోవాలి, అదే ఇబ్బంది. పైగా ఒక ప్రయత్నానికే సరిపడా ఉంటుంది. గుర్తు పెట్టుకోవడం మన వల్ల కాదని తెలిసినవాళ్లకు అదే మేలని నా అభిప్రాయం.

బావగారికీ అదే చెప్పాను. "ఉన్నదానికి కొత్త బ్యాటరీ వేశావుగా, ఇంకెందుకు" అన్నారు. సరేనని, మూడు నెలలకోసారి మోగేలా ఆయన ఫోన్‌లో నేనే రిమైండర్ పెట్టి పంపాను. మొదటిసారి మోగిన రోజు ఫోన్ వచ్చింది. "ఏమ్మా, నా ఫోన్‌లో ఏదో పొద్దుట్నుంచీ మోగుతోంది, దీన్ని ఎలా ఆపాలి?"